కులం అడగని ఫారం, కులం రాసిన కాగితాలు: పాస్‌పోర్ట్‌కు ముందు మనం చూసుకోవాల్సినవి

అమీర్‌పేటలో మెట్రో దిగి పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఎటు అని అడిగేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. అది 2025 సెప్టెంబరులో ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌కు తరలిపోయింది. బేగంపేట కేంద్రం మాత్రం ఈ చుట్టుపక్కలే ఉంది. అమీర్‌పేట నుంచి కేంద్రం పోయినా దాని చుట్టూ పెరిగిన వ్యాపారం పోలేదు. మైత్రివనం వెనక సందుల్లో జిరాక్స్ షాపుకో నెట్ సెంటర్‌కో వెళ్ళి పాస్‌పోర్ట్ అనగానే, ముందు మన కాగితాలన్నీ బల్ల మీద పరచమంటారు. వాటిలో ఏదో ఒక తేడా చూపిస్తారు. ఆ తర్వాత రేటు చెప్తారు. 36 పేజీల సాధారణ పాస్‌పోర్ట్‌కు ప్రభుత్వ ఫీజు 1,500 రూపాయలు. దాని పైన ఇచ్చేదంతా మన కాగితాల్లో ఉన్న తేడాకు మనం కడుతున్న జరిమానా.

ఆ తేడాలు ఎక్కడ నుంచి వచ్చాయి, వాటిలో ఏవి నిజంగా అడ్డం, ఏవి కావు అన్నదే ఈ వ్యాసం. కోచింగ్ కోసం ఈ హాస్టళ్ళలో ఉంటున్న ఎస్సీ విద్యార్థులను, ఉద్యమాల్లో ఉన్న మిత్రులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం. తెలంగాణ ప్రభుత్వ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. ఆ దరఖాస్తుకు కుల, ఆదాయ ధ్రువపత్రాలతో పాటు పాస్‌పోర్ట్ కాపీ కూడా జతచేయాలి. సీటు వచ్చాక పాస్‌పోర్ట్ కోసం పరుగెత్తితే గడువు దాటిపోతుంది.

పాస్‌పోర్ట్ ఫారంలో కులం గడి లేదు, మతం గడి కూడా లేదు. అయినా పాస్‌పోర్ట్ అందరికీ ఒకేలా దొరికిన కాలం పెద్దదేమీ కాదు. స్వాతంత్ర్యం వచ్చాక ఇరవై ఏళ్ళ పాటు ఇక్కడ పాస్‌పోర్ట్ హక్కు కాదు, అధికారి దయ. దేశం పరువు నిలబెట్టేవాళ్ళు ఎవరు, తీసేవాళ్ళు ఎవరు అని అధికారులు లెక్క కట్టి, కూలి పనికి వెళ్ళే కింది కులాల వాళ్ళను ఎలా వడకట్టారో చరిత్రకారిణి కలాత్మిక నటరాజన్ 1947 నుంచి 1967 వరకు ఉన్న పాలనా పత్రాలను పరిశీలించి రాశారు. 1967 ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు విదేశీ ప్రయాణం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని చెప్పింది. ఆ జూన్‌లోనే పాస్‌పోర్ట్ చట్టం వచ్చింది. 1978లో మేనకా గాంధీ కేసు దాన్ని మరింత గట్టిపరిచింది. అంటే అధికారి ఇష్టం స్థానంలో కాగితం వచ్చింది. ఆ కాగితాలను మన వాడల్లో ఎవరు రాశారు, ఎలా రాశారు అనేదే ఇప్పుడు ప్రశ్న.

పుట్టిన తేదీతో మొదలుపెడదాం. మన అమ్మానాన్నల తరంలో చాలామందికి, మనలో కొందరికి కూడా, పుట్టిన తేదీ ఇచ్చింది బడిలో హెడ్మాస్టరు. జూన్ ఒకటో, జూలై ఒకటో వేసి చేర్చుకున్నారు. ఒకప్పుడు 1989 జనవరి 26న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు జనన ధ్రువపత్రమే తేవాలనే నిబంధన ఉండేది. 2016 డిసెంబరులో దాన్ని ఎత్తేశారు. టీసీ, టెన్త్ మెమో, పాన్, ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, ఎల్‌ఐసీ బాండు, వీటిలో తేదీ ఉన్న ఏదైనా ఒకటి చాలు. 2025లో మళ్ళీ మారింది గానీ ఆ మార్పు 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకే. వాళ్ళకు జనన ధ్రువపత్రం తప్పనిసరి. ఇప్పుడు ఇరవైల్లో ఉన్న విద్యార్థికి ఎవరైనా "బర్త్ సర్టిఫికెట్ లేకపోతే కుదరదు, మేం పుట్టిస్తాం" అంటే ఆ షాపు నుంచి లేచి వచ్చేయండి. ఉన్న కాగితం చూపించండి, కొత్తది పుట్టించకండి. తప్పుడు సమాచారం ఇచ్చి పాస్‌పోర్ట్ పొందితే చట్టంలోని 12వ సెక్షన్ కింద రెండేళ్ళ వరకు జైలు ఉంది. ఆ కేసు మన మీద పడుతుంది.

పేరు దగ్గర అసలు చిక్కు. టెన్త్ మెమోలో నర్సిమ్లు, ఆధార్‌లో నరసింహులు, రేషన్ కార్డులో నర్సింహ. ముగ్గురూ ఒక్కడే. బడిలో పంతులు తనకు వినబడినట్టు రాశాడు, రేషన్ కార్డు రాసినవాడు తనకు తోచినట్టు రాశాడు, ఆధార్ క్యాంపులో కుర్రాడు తెలుగును ఇంగ్లిష్‌లోకి తిప్పేటప్పుడు ఇంకో అక్షరం చేర్చాడు. మా నాన్నల పేర్ల చివర గౌరవం కోసం "అయ్య" రాయడానికి కూడా చేతులు రాని రోజులు గ్రామ రికార్డుల్లో ఇంకా కనబడతాయి. పైకి స్పెల్లింగ్ తప్పులా కనిపించే వాటిలో కొన్ని నిజానికి అవమానాలు.

చేయాల్సింది ఇది. అన్నిట్లోకీ మార్చడం కష్టమైనది టెన్త్ మెమో. అందుకని దాన్ని నిలబెట్టి, మిగతావాటిని దాని దారికి తేవాలి. ముందు ఆధార్ సరిచేయించండి. కానీ జాగ్రత్త, ఆధార్‌లో పేరు రెండుసార్లే, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు. తొందరపడి షాపులో చేయించి ఆ అవకాశాన్ని పాడుచేసుకోకండి. కుల ధ్రువపత్రం మీద పేరు కూడా అదే అక్షరాలతో ఉండాలి, ఎందుకంటే రేపు స్కాలర్‌షిప్ ఫైల్లో అది, పాస్‌పోర్ట్ రెండూ పక్కపక్కనే పెడతారు. చర్చిలో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉన్న కుటుంబాలకు ఈ మాట మరీ ముఖ్యం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టింది కాబట్టి, రెండు పేర్ల మధ్య తేడా ఉంటే అది స్పెల్లింగ్ ప్రశ్నగా ఆగదు, మతం ప్రశ్నగా మారుతుంది. పూర్తిగా పేరు మార్చుకోవాలనుకునేవాళ్ళు, పెంటయ్య అనే పేరుతో కాలేజీలో పడ్డ మాటలు చాలనుకునేవాళ్ళు, ఆ పని పాస్‌పోర్ట్‌కు ముందే ముగించుకోవడం మంచిది. తర్వాతైతే అఫిడవిట్, రెండు పత్రికల్లో ప్రకటనలు, మళ్ళీ ఫీజు.

ఇంకో చిన్న గడి పెద్ద ఇబ్బంది పెడుతుంది. ఫారంలో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి ఉంటాయి. మన కాగితాల్లో చాలాసార్లు ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, లేదా అసలుండదు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే పాస్‌పోర్ట్ వస్తుంది గానీ తర్వాత తంటా. 2022 నవంబరులో యూఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్ట్‌లతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్ళను అనుమతించబోమంది. తండ్రి పేరో కుటుంబం పేరో రెండో పేజీలో ఉన్నవాళ్ళకు ఆ తర్వాత సడలించింది. అమెరికా వీసాలోనైతే ఒక్క పేరునే ఇంటిపేరుగా వేసి, సొంత పేరు తెలియదని అర్థం వచ్చే మూడు ఇంగ్లిష్ అక్షరాలు ముద్రిస్తారు. పొడి అక్షరాన్ని పూర్తిగా విప్పి రాయించుకోండి.

తండ్రి పేరు సంగతి ఎక్కువమంది మాట్లాడరు. 2016 డిసెంబరు మార్పుల్లో తల్లి, తండ్రి, సంరక్షకుల్లో ఒక్కరి పేరు ఇస్తే సరిపోతుందన్నారు. సాధువులు తల్లిదండ్రుల స్థానంలో గురువు పేరు రాసుకోవచ్చన్న వెసులుబాటు వార్తల్లో పెద్దగా వచ్చింది. మాకు మాత్రం పాలమూరు, నిజామాబాద్ వైపు జోగిని తల్లుల పిల్లలు గుర్తొచ్చారు. జోగినిగా మార్చడాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది, దళిత స్త్రీల మీద రుద్దిన ఆ ఆచారం కన్న పిల్లలు మాత్రం ప్రతి ఫారంలో తండ్రి గడి దగ్గర ఆగిపోతూ వచ్చారు. పాస్‌పోర్ట్ ఫారంలో ఆగనవసరం లేదు. తల్లి పేరు ఒక్కటే రాయండి. ఎవరైనా కౌంటర్లో ఎందుకని అడిగితే, నిబంధన అదేనని చెప్పండి చాలు. అంతకు మించి కథ చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు.

చిరునామాకు ఆధార్ సరిపోతుంది. రసూల్‌పుర, బి.ఎస్.మక్తా లాంటి బస్తీల్లో ఇంటికి పట్టా లేదని, కరెంటు బిల్లు ఓనరు పేరు మీద ఉందని వెనకాడేవాళ్ళు ఉంటారు. ఇల్లు ఎవరిదని పాస్‌పోర్ట్ ఆఫీసు అడగదు, మీరు అక్కడ ఉంటున్నారా అన్నదే అడుగుతుంది. ప్రైవేటు హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకునేవాళ్ళకు ఇక్కడ చిక్కు వస్తుంది. యూనివర్సిటీ విద్యార్థికైతే ప్రిన్సిపాలో రిజిస్ట్రారో ఇచ్చే బోనఫైడ్ పనికొస్తుంది, కోచింగ్ సెంటర్ ఇచ్చేది గుర్తింపు పొందిన విద్యాసంస్థ కాగితం కాదు. దేశంలో ఏ కేంద్రంలోనైనా దరఖాస్తు చేసుకునే వీలు 2018 నుంచి ఉంది. కాబట్టి ఊరి చిరునామాతోనే బేగంపేటలో స్లాట్ తీసుకోవచ్చు. కానీ పోలీసు విచారణ ఆ చిరునామాకే వెళ్తుంది, పాస్‌పోర్ట్ కూడా అక్కడికే పోస్టులో వెళ్తుంది. పిలుపు వచ్చిన రోజు ఊళ్ళో ఉండేలా చూసుకోండి. విచారణకు వచ్చినవాళ్ళకు మనం కట్టాల్సిన ఫీజు ఏదీ లేదు. ఫీజంతా ఆన్‌లైన్‌లో ముందే కట్టాం.

టెన్త్ పాస్ కాని వాళ్ళ పాస్‌పోర్ట్ మీద వలస తనిఖీ ముద్ర పడుతుంది, దాన్నే ఈసీఆర్ అంటారు. 1983 వలస చట్టం ప్రకారం గల్ఫ్ దేశాలు, మలేసియా సహా 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే వీళ్ళు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. 2008 మార్చి దాకా బేగంపేట విమానాశ్రయం నుంచే గల్ఫ్‌కు వెళ్ళిన మన ఊళ్ళవాళ్ళలో ఎందరి పాస్‌పోర్ట్ మీద ఈ ముద్ర ఉందో ఊహించవచ్చు. టెన్త్ గీత పైకి చదువు గీత, ఎవరు ఆ గీత కింద మిగిలిపోయారో చూస్తే కులం గీత. 2018 జనవరిలో కేంద్రం ఈ పాస్‌పోర్ట్‌లకు నారింజ రంగు అట్ట వేస్తామని ప్రకటించింది. విమానాశ్రయంలో చేతిలోని పుస్తకం రంగు చూసి మనిషిని అంచనా వేసే ఏర్పాటు అది. వ్యతిరేకత వచ్చాక అదే నెలాఖరుకు వెనక్కి తగ్గింది.

ముద్ర ఉండటం నష్టమే అని చెప్పలేం. అనుమతితో వెళ్ళే కార్మికుడికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది, ఒప్పందం రికార్డుల్లో ఉంటుంది. ఈ అనుమతి తప్పించి విజిట్ వీసా మీద పంపే ఏజెంట్ల చేతిలో ఆ రెండూ పోతాయి. ముద్ర తీయించుకోవాలంటే ఓపెన్ స్కూల్లో టెన్త్ పాసై, ఆ మెమోతో పాస్‌పోర్ట్ తిరిగి జారీకి దరఖాస్తు చేయాలి. యాభై ఏళ్ళు దాటినవాళ్ళకు, ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకు ఈ ముద్ర వర్తించదు.

ఇక కేసులు. ఉద్యమ మిత్రులు ఎక్కువగా అడిగేది దీని గురించే. 2016 మార్చి 22న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణం తర్వాతి ఆందోళనలో విద్యార్థులను, ఇద్దరు అధ్యాపకులను అరెస్టు చేశారు. 2019 ఏప్రిల్‌లో పంజాగుట్టలో అంబేడ్కర్ విగ్రహాన్ని కూల్చి చెత్త డంపింగ్ యార్డుకు తరలించినప్పుడు మనవాళ్ళు రోడ్డు మీదకు వచ్చారు. ఇలాంటి ప్రతి సందర్భం తర్వాతా కొందరు "నా మీద కేసు ఉందేమో, పాస్‌పోర్ట్ రాదేమో" అనుకుంటూ ఉండిపోతారు. ఊళ్ళలో ఇంకో రకం ఉంది. మనం అట్రాసిటీ కేసు పెడితే అవతలివాళ్ళు కౌంటర్ కేసు పెడతారు. అందులో ఉద్యోగానికో చదువుకో బయల్దేరబోతున్న కుర్రాడి పేరు తప్పకుండా ఉంటుంది. రాజీకి తేవడానికి అదొక పట్టు.

చట్టం ఏమంటుందో వివరంగా చూద్దాం. పాస్‌పోర్ట్ చట్టం 6(2)(ఎఫ్) ప్రకారం, దేశంలోని క్రిమినల్ కోర్టులో విచారణ పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్ట్ నిరాకరించవచ్చు. ఇందులో కీలకమైన మాట కోర్టు. ఎఫ్‌ఐఆర్ ఉన్నంత మాత్రాన, దర్యాప్తు నడుస్తున్నంత మాత్రాన అది పెండింగ్ విచారణ కాదని, కోర్టు కేసును విచారణకు స్వీకరించాకే అవుతుందని విదేశాంగ శాఖ 2019 అక్టోబరు 10 నాటి మెమోలో స్పష్టంగా చెప్పింది. ఛార్జిషీట్ పడిందా, కోర్టు నంబరు ఇచ్చిందా అన్నది ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు.

కోర్టులో కేసు ఉన్నా దారి మూసుకుపోలేదు. 1993 ఆగస్టు 25 నోటిఫికేషన్ ప్రకారం, కేసు నడుస్తున్న కోర్టు అనుమతిస్తే పాస్‌పోర్ట్ ఇస్తారు. ఇక్కడ మన వకీళ్ళు తరచూ మరిచిపోయేది ఒకటి ఉంది. కోర్టు ఉత్తర్వులో ఎన్నేళ్ళకో రాయకపోతే ఆఫీసు ఒక్క ఏడాదికే ఇస్తుంది. రెండేళ్ళ మాస్టర్స్‌కు వెళ్ళే విద్యార్థికి ఏడాది పాస్‌పోర్ట్‌తో వీసా దగ్గరే ఇబ్బంది. కాబట్టి పిటిషన్‌లోనే కాలపరిమితి అడగమనండి. కొట్టేసిన కేసైతే తీర్పు సర్టిఫైడ్ కాపీ దగ్గర పెట్టుకోండి, స్టేషన్ రికార్డులో అది ఇంకా పెండింగ్ అనే ఉండొచ్చు. ఫారంలో కేసుల ప్రశ్నకు మాత్రం దాచకుండా జవాబివ్వండి. కేసు కంటే దాచడం ఎక్కువ నష్టం చేస్తుంది.

తొందరగా కావాలంటే తత్కాల్ ఉంది, అదనంగా 2,000 రూపాయలు. దానికి నిర్ణీత జాబితాలోని మూడు గుర్తింపు పత్రాలు చూపాలి. ఆ జాబితాలో ఆధార్, ఓటరు కార్డు, పాన్, రేషన్ కార్డు, విద్యార్థి గుర్తింపు కార్డుల సరసన ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ ధ్రువపత్రం కూడా ఉంది. మన చేతిలో తప్పకుండా ఉండే కాగితం ఇక్కడ లెక్కలోకి వస్తుందని చాలామందికి తెలియదు.

కేంద్రంలో మూడు కౌంటర్లుంటాయి. మొదటిది టీసీఎస్ సిబ్బందిది, ఫొటో తీసి కాగితాలు ఎక్కించుకుంటారు. నిర్ణయం తీసుకునేది తర్వాతి రెండు కౌంటర్లలోని ప్రభుత్వ అధికారులు. మొదటి కౌంటర్లో కుదరదంటే వెనక్కి రాకండి, లోపలి అధికారిని కలుస్తామనండి. పాస్‌పోర్ట్ నిరాకరిస్తే కారణాలు రాసి అడిగినవాళ్ళకు కాపీ ఇవ్వాలని సెక్షన్ 5(3) చెప్తోంది, దేశ భద్రత లాంటి కొన్ని సందర్భాలు తప్ప. ఆ కాపీ అందాక అప్పీలుకు 30 రోజులు. పోలీసు రిపోర్టు వ్యతిరేకంగా వచ్చిందని మెసేజ్ వస్తే సికింద్రాబాద్‌లోని ప్రాంతీయ పాస్‌పోర్ట్ కార్యాలయానికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి, ఏ కారణం రాశారో తెప్పించుకోండి. ఫైల్ నంబరు ఉన్న రసీదును కేంద్రం నుంచి బయటికి వచ్చిన వెంటనే ఫొటో తీసి పెట్టుకోండి, వీటన్నిటికీ అదే అడుగుతారు.