ఓడ దిగి ఒడ్డుకొచ్చిన మాటలు

ఇంగ్లీషు జాతీయాల్లో చాలా వాటికి పుట్టిల్లు తెరచాప ఓడ. బ్రిటన్ ద్వీపం కావడంతో 17, 18 శతాబ్దాల్లో దాని వర్తకమూ యుద్ధాలూ ఎక్కువగా సముద్రం మీదే నడిచాయి. గాలి తీరు కనిపెట్టి తాళ్లు సవరించుకోవడం మీదే ఓడలో ప్రాణాలు ఆధారపడేవి. అందుకే ప్రతి తాడుకూ, ఓడ ప్రతి కదలికకూ నావికుల భాషలో ఒక పేరుంది. ఆ పేర్లే ఒడ్డుకు చేరి, సముద్రం ముఖం చూడని వాళ్ల నోళ్లలో కొత్త అర్థాలు తెచ్చుకున్నాయి.

‘మొత్తం మీద’ అనే అర్థంలో వాడే ‘బై అండ్ లార్జ్’నే చూడండి. వీలైనంతవరకు గాలికి ఎదురుగా ఓడను నడపడం ‘బై’. పక్కనుంచో వెనుకనుంచో వీచే గాలివాటాన సాగిపోవడం ‘లార్జ్’. రెండు విధాలా చక్కగా నడిచేదే అసలైన ఓడ. 1669లో అచ్చయిన శామ్యూల్ స్టర్మీ నావికా గ్రంథంలోనే ఈ జంటపదం ఉంది. ఇక గాలి ఒక్కసారిగా దిశ మారి తెరచాపల ముందువైపు కొడితే, అవి కొయ్యకు అతుక్కుపోయి ఓడ ఉన్నచోటనే నిలిచిపోతుంది. అదే ‘టేకెన్ అబాక్’. నిర్ఘాంతపోయిన మనిషికి ఇంతకన్నా సరైన పోలిక దొరకడం కష్టం.

తాగి తూలేవాణ్ణి గురించి చెప్పే ‘త్రీ షీట్స్ టు ది విండ్’లో షీట్ అంటే తెరచాప మూలను బిగించి ఉంచే తాడు. ఆ తాళ్లు వదులైతే తెరచాపలు రెపరెపలాడి ఓడ అదుపు తప్పుతుంది. ‘బిటర్ ఎండ్’లోనూ మొదట చేదు లేదు. లంగరు మోకును ఓడలో ‘బిట్స్’ అనే గుంజలకు చుట్టేవారు. ఆ గుంజల దగ్గరి కొసే బిటర్ ఎండ్. మోకు అంతదాకా వచ్చిందంటే ఇక వదలడానికేమీ లేదన్నమాట. కెప్టెన్ జాన్ స్మిత్ 1627లోనే తన పుస్తకంలో ‘బిటర్’ను వివరించాడు. బైబిల్ సామెతల గ్రంథంలోని చేదు ముగింపు ప్రస్తావన కూడా నేటి అర్థానికి తోడై ఉండవచ్చు.

‘ఫస్ట్ రేట్’ నౌకాదళం లెక్క. ఫిరంగుల సంఖ్యను బట్టి యుద్ధనౌకలను ఆరు తరగతులు చేశారు. నూరూ ఆపైన ఉంటే మొదటి తరగతి. ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ ఎక్కిన విక్టరీ నౌక ఆ తరగతిదే.

అయితే అందమైన కథలన్నీ నమ్మదగినవి కావు. ఇరుకు గదిని ‘పిల్లిని గిరగిరా తిప్పేంత చోటు లేదు’ అంటారు. ఆ పిల్లి నావికులను శిక్షించే తొమ్మిది తోకల కొరడా అని ప్రచారం. కానీ జాతీయం 1665లోనే అచ్చులో కనిపిస్తుంది. కొరడాకు ఆ పేరు ఆ తర్వాత గానీ రాతకెక్కినట్టు కనిపించదు. పుట్టుక తేల్చాల్సింది తేదీలే.

తేదీ, మనిషి రెండూ దొరికే మాట ‘గ్రాగీ’. 1740లో అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్ నావికుల రమ్ములో నీళ్లు కలిపి ఇవ్వమని ఆజ్ఞాపించాడు. ఆయన తొడిగే గ్రోగ్రమ్ కోటును బట్టి ‘ఓల్డ్ గ్రాగ్’ అనే మారుపేరు ఉండేది. అదే ఆ పానీయానికి పేరైంది. దాన్ని తాగి మత్తెక్కిన స్థితి ‘గ్రాగీ’. ఇప్పుడు నిద్రమత్తుకూ అదే మాట. బ్రిటిష్ నౌకాదళం రోజువారీ రమ్ము పంపకాన్ని 1970 జులై 31న ఆపేసింది.