క్లస్టర్ పీరింగ్

వేర్వేరు ఊళ్లలోని రెండు స్టోరేజీ క్లస్టర్లు డేటా నకళ్లు పంపుకోవడానికి ముందు కుదుర్చుకునే సంబంధాన్ని క్లస్టర్ పీరింగ్ అంటారు. ఒక డేటా సెంటర్ వరదపాలో అగ్నికి ఆహుతో అయినా రెండో చోట నకలు మిగలాలన్నది దీని ఉద్దేశం. నెట్‌యాప్ సంస్థ వారి ఆన్‌టాప్ వ్యవస్థలో ఇది ఎదిగిన తీరు చూస్తే, కాలంతోపాటు యంత్రాల మధ్య అనుమానం ఎలా పెరిగిందో తెలుస్తుంది.

కాలిఫోర్నియాలో 1992లో మొదలైన ఈ సంస్థ తన యంత్రాలను ఫైలర్లని పిలిచేది. ఒక ఫైలర్‌లో మారిన బ్లాకులను మాత్రమే మరో ఫైలర్‌కు చేరవేసే స్నాప్‌మిర్రర్ పనితీరును దాని ఇంజినీర్లు 2002 నాటి ఫాస్ట్ అనే స్టోరేజీ సదస్సులో వివరించారు. మార్పులను ఎప్పటికప్పుడు కాక 15 నిమిషాలకోసారి పంపినా, పంపాల్సిన డేటా 30 నుంచి 80 శాతం తగ్గుతుందని వారు తేల్చారు. ఒకే బ్లాకును పదిసార్లు తిరగరాసినా చివరి రూపం వెళ్తే చాలు కదా! అప్పట్లో అనుమతి వ్యవహారం చాలా తేలిక. డేటా ఇచ్చే ఫైలర్‌లో 'స్నాప్‌మిర్రర్.అలౌ' అనే టెక్స్ట్ ఫైలు ఉండేది. తీసుకునే యంత్రం పేరు అందులో ఉంటే సరిపోయేది.

పిట్స్‌బర్గ్‌లోని స్పిన్నేకర్ నెట్‌వర్క్స్‌ను నెట్‌యాప్ కొన్నాక, నోడ్లనే పలు యంత్రాలు ఒకే క్లస్టర్‌గా నడిచే పద్ధతి వచ్చింది. డేటా ఉండే వాల్యూమ్ ఇవాళ ఒక నోడ్ మీద ఉంటుంది, రేపు ఇంకో నోడ్‌కు మారుతుంది. కాబట్టి ఫలానా యంత్రం పేరు రాసుకుంటే లాభం లేదు. అందుకే ఆన్‌టాప్ 8.1 వెర్షన్ నుంచి ఒప్పందం క్లస్టర్‌కూ క్లస్టర్‌కూ మధ్యే జరుగుతోంది. ప్రతి నోడ్‌కూ ఇంటర్‌క్లస్టర్ లిఫ్ అనే ప్రత్యేక ఐపీ చిరునామా ఇస్తారు. ఇటువైపు ప్రతి లిఫ్ అటువైపు ప్రతి లిఫ్‌నూ అందుకోగలగాలి. నోడ్‌కు ఒక లిఫ్ చొప్పున, నాలుగు నోడ్ల క్లస్టర్లు రెండు కలపాలంటే 16 దారులు తెరవాలి. ఫైర్‌వాల్‌లో 11104, 11105 పోర్టులు ఒక్క చిరునామాకు మరిచిపోయినా సంబంధం 'పార్షియల్' అని కనిపిస్తుంది. అడ్మిన్ల రాత్రులు ఎక్కువగా ఇక్కడే కరిగిపోతాయి.

తొలి రోజుల్లో పీరింగ్ చేసేటప్పుడు అవతలి క్లస్టర్ అడ్మిన్ పాస్‌వర్డే అడిగేది. సంబంధం కలుపుకోవడానికి ఇంటి తాళాలు అడిగినట్టన్నమాట! తరువాత ఉమ్మడి పాస్‌ఫ్రేజ్ వచ్చింది. 9.3 నుంచి దాన్ని క్లస్టరే తయారు చేసి ఇవ్వగలదు. గడువులోగా అవతలివారు వాడకపోతే అది చెల్లదు. రెండువైపులా గడియారాల తేడా 300 సెకన్లు దాటినా పీరింగ్ కుదరదు. క్లస్టర్లు కలిశాక, లోపల ఉండే వర్చువల్ స్టోరేజీ సర్వర్ల (ఎస్‌వీఎంల) మధ్య మళ్లీ విడిగా పీరింగ్ చేయాలి. అప్పుడే స్నాప్‌మిర్రర్ కదులుతుంది.

2019లో వచ్చిన 9.6 వెర్షన్, దారిలో వెళ్లే డేటాను టీఎల్ఎస్ 1.2తో ఎన్‌క్రిప్ట్ చేయడం మొదలుపెట్టింది. కొత్తగా కలిసే క్లస్టర్లకు ఆ రక్షణ దానంతటదే వస్తుంది. అంతకుముందే కుదిరిన పాత సంబంధాలకు మాత్రం వెర్షన్ మార్చినంత మాత్రాన రాదు, అడ్మిన్ కూర్చుని ఒక్కొక్కదానికీ ఆన్ చేయాలి.