తొలి లారీకి పెట్టుబడి

1939 నాటి మోటారు వాహనముల చట్టము సరకుల బండికి పర్మిటును తప్పనిసరి చేసినందున, లారీ కొనదలచినవానికి ధనముతోపాటు రవాణా అధికారుల అనుమతియు అవసరమయ్యెను. భూమి లేని డ్రైవరుకు తాకట్టు పెట్టుటకేమున్నది? ఆ చిక్కును విడదీసినది హైర్ పర్చేజ్ పద్ధతి: బండియే ఋణమునకు హామీ, కడపటి వాయిదా తీరువరకు యాజమాన్యము ఋణదాతదే.

1954లో జంషెడ్‌పూరున టాటా-మెర్సిడెస్ లారీల ఉత్పత్తి మొదలగుటయు, మద్రాసున లారీలకు అప్పిచ్చు సుందరం ఫైనాన్స్ స్థాపితమగుటయు ఈ వృత్తి చరిత్రలో జంటఘట్టములని నా అభిప్రాయము. అయినను ఆనాడు కర్మాగారమునుండి వచ్చెడిది తరచుగా చాసిస్ మాత్రమే. కొయ్యతో క్యాబిను, తొట్టి కట్టించుటకు వేరే వ్యయము తప్పెడిది కాదు. కనుక సొమ్ము చాలనివాడు పాతబండిని వెదకి, మేస్త్రీని వెంటబెట్టుకొని ఇంజను శబ్దమును విని, పొగ రంగును చూచి, చాసిస్‌కు అతుకులున్నవేమో తడిమి, టైర్ల అరుగుదలను లెక్కగట్టి బేరమాడెడివాడు. విడిభాగములు దారి పొడవునను దొరకు బండినే కోరుట వివేకము. బండి నిలిచిన దినమున కిరాయి రాదు, వాయిదా మాత్రము ఆగదు. 1960ల నడుమ వెలసిన విజయవాడ ఆటోనగరు మరమ్మతులకును బాడీ కట్టుటకును పెద్ద ఆధారమయ్యెను.

1969లో 14 బ్యాంకులు జాతీయమైన పిమ్మట చిన్న రవాణాదారులును బ్యాంకు ఋణముల ప్రాధాన్యరంగమున చేరిరి. పాతలారీలకు అప్పిచ్చుటనే ప్రధానవృత్తిగా గైకొన్న శ్రీరామ్ ట్రాన్స్‌పోర్ట్ ఫైనాన్స్ 1979లో ఏర్పడెను.