బతుకమ్మ పాటలో వంత

తెలుగున 'వంత' యను పదమునకు దుఃఖమను అర్థము గలదు. ఒకరు పాడగా వెంట నందుకొని పాడుట యను అర్థమును గలదు. ఈ రెండును ఒకే ధాతువునుండి పుట్టినవని మేము చెప్పబోము. కాని తెలంగాణ స్త్రీలు తరతరములుగా ఆడుచు వచ్చిన బతుకమ్మయందు ఈ రెండర్థములును ఒకచోట కలిసికొన్నవని చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో ఆరంభమైన ఈ యుత్సవము తొమ్మిదవనాడు సద్దుల బతుకమ్మతో ముగియును. తంగేడు, గునుగు, బంతి, కట్ల మున్నగు పూలను వలయములుగా పేర్చి, పసుపు గౌరమ్మను నిలిపి, చుట్టును తిరుగుచు చప్పట్లతో పాడి, తుదకు చెరువున విడుతురు.

ధర్మాంగదుడను చోళరాజును, అతని భార్య సత్యవతియు నూర్గురు కొడుకులను యుద్ధమున గోల్పోయి, లక్ష్మిని కూతురుగా బడసిరనియు, ఆ బిడ్డ చిరకాలము బ్రతుకవలెనని 'బతుకమ్మ' యని పేరిడిరనియు ఒక కథ గలదు. దీనిని చరిత్రగా స్వీకరింప వీలులేదు. అయినను ఈ యాటకు మూలము పుత్రశోకమని జనులు తలచుట గమనింపదగినది.

ఇక పాట నడక చూతము. ఒకతె పాదమును పలికి చివర 'ఉయ్యాలో' యనియో 'కోలో' యనియో చేర్చును. తక్కినవారు ఆ పాదమునే తిరిగి పలుకుదురు. ఇందు రెండు ప్రయోజనములు గలవు. వంత సాగునంతసేపు ముందు పాడునామెకు తరువాతి పాదము కూర్చుకొనుటకు వ్యవధి దొరకును. కావున చదువురాని యిల్లాలును కవయిత్రి కాగలదు. రెండవది ఇంతకంటె ముఖ్యము. అత్తింటి యారడి, అన్న రాకకై యెదురుచూపు, పుట్టింటి బెంగ ఒకతె నోట వెలువడి, మరుక్షణమే అందరి నోట మ్రోగును. అప్పుడది ఆమె ఫిర్యాదు గాదు, పాట. పాటలోని కోడలు ఎవరని ఎవరును అడుగరు. మరునాడు అత్తగారి యిల్లు మారియుండదు. కాని తన మాటను పదుగురు పలుకగా విన్న మనసు కొంత తేలికపడియుండును.

ఈ మూస ఇంటి దుఃఖమునకే పరిమితము కాలేదు. 1946-51 నాటి రైతాంగ సాయుధపోరాటమున దొరల దౌర్జన్యము ఉయ్యాల పాటలకెక్కినది. ప్రత్యేక రాష్ట్రోద్యమమున స్త్రీలు నడివీధులలో బతుకమ్మలాడిరి. 2014లో ఇది తెలంగాణ రాష్ట్రపండుగ యైనది.

గౌరవము పెరిగినందుకు సంతోషింపవలసినదే. కాని నేడు పెక్కుచోట్ల ధ్వనివర్ధకమునుండి ముద్రితగీతము వినవచ్చుచుండగా స్త్రీలు దానికి తగినట్లు అడుగులు వేయుచున్నారు. వలయమున్నది, చప్పట్లున్నవి, తన పాదమును చేర్చుటకు మాత్రము ఎవరికిని చోటులేదు. యంత్రము ఎవరి మాటకును వంత పాడదు గదా!

పాటలు సేకరించువారు ఇకమీద పాఠమును మాత్రమే వ్రాసికొనిన చాలదు. ముందు పాడినదెవరు, అందుకొన్నవారెవరు, ఆ యేడు క్రొత్తగా చేరిన పాదమేది యనియు వ్రాసికొనవలెను. లేనిచో మనకు పాట దక్కును గాని, అది తీర్చిన వంత దక్కదు.