కోలారు సైనైడ్ దిబ్బలు: పేరు, పదార్థం

కుప్పం సరిహద్దుకు అనతిదూరంలో, కర్ణాటకలోని కోలారు బంగారు గనుల పట్టణం చుట్టూ 13 పెద్ద మట్టిదిబ్బలు కనిపిస్తాయి. ప్రజల వాడుకలో ఇవి సైనైడ్ దిబ్బలు. ఈ పేరు చరిత్రరీత్యా సరైనదే. అయితే అందులోని సైనైడ్ ఇంకా ఉన్నదా అనేది వేరే ప్రశ్న.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ ఇక్కడికి వచ్చింది. 1887లో గ్లాస్గోలో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు సైనైడ్ పద్ధతికి పేటెంటు పొందారు. పాదరసానికి చిక్కని సన్నని బంగారం కూడా ఈ పద్ధతికి లొంగింది. రాతిపిండిని సున్నం కలిపిన పలుచని సైనైడ్ నీటిలో నానబెడితే బంగారం కరుగుతుంది. జింకుతో దాన్ని మళ్లీ రాబట్టవచ్చు. మిగిలిన బురదను బయట పోశారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేనాటికి ఆ బురదే దిబ్బలై మిగిలింది.

బురదనీటిలోని సైనైడ్ శాశ్వతమైనది కాదు. సున్నపు క్షారగుణం ఉన్నంతవరకు అది నీటిలో నిలుస్తుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు, వర్షపునీరు ఆ గుణాన్ని తగ్గించగానే హైడ్రోజన్ సైనైడ్ వాయువుగా మారి ఎగిరిపోతుంది. కొంత గంధకంతో కలిసి థయోసైనేట్ అవుతుంది. కొంతను సూక్ష్మజీవులు అమ్మోనియాగా, తర్వాత నైట్రేటుగా మారుస్తాయి. ఇనుముతో ముడిపడిన సైనైడ్ మాత్రం మొండిది. ఎండ తగిలితేనే అది విడిపోతుంది; వెలుతురు చొరని లోపలి పొరల్లో దీర్ఘకాలం చెక్కుచెదరదు. అంటే దిబ్బ పైభాగాన్నిబట్టి అడుగుభాగాన్ని అంచనా వేయడం పొరపాటు. పైగా సైనైడ్ అనే మాట రేపే భయం మరొక వాస్తవాన్ని మరుగుపరుస్తున్నది: గాలికి లేచే సన్నని రాతిధూళికి విరుగుడు ఎండా కాదు, వానా కాదు.

ఈ పొరల సంగతి ఇప్పుడు కేవలం చరిత్ర కాదు. దిబ్బల్లో మిగిలిన బంగారం కోసం వాటిని తవ్వాలన్న కేంద్ర ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం సమ్మతించింది. తవ్వకం మొదలైతే దశాబ్దాలుగా చీకటిలో ఉన్న అడుగు పొరలు ఎండకూ వానకూ బయటపడతాయి. గనుల పట్టణానికి నీరందించిన బేతమంగళం చెరువు పాలారు మీదిది. ఆ ఏరు అక్కడినుండి కుప్పం ప్రాంతంలోకి, ఆపై తమిళనాడులోకి సాగుతుంది. కాబట్టి తవ్వకానికి ముందు ప్రతి దిబ్బలోనూ వేర్వేరు లోతుల్లో మట్టినీ, ఊటనీటినీ పరీక్షించాలి. ఇనుముతో కలిసిన సైనైడ్‌ను విడిగా లెక్కించాలి. ఆ ఫలితాలు దిబ్బల పక్కన నివసించే గని కార్మిక కుటుంబాలకు వారి భాషల్లోనే, తెలుగులోనూ తమిళంలోనూ కన్నడంలోనూ, అందాలి.