విడాకుల దావా: ఏ గడప తొక్కాలి?

భర్తతో ఇక కాపురం సాగదనుకున్న ముస్లిం స్త్రీ న్యాయం కోసం ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఈ ప్రశ్నకు ఒక్కో కాలంలో, ఒక్కో ప్రాంతంలో ఒక్కో జవాబు ఉండేది. ఆ సంగతి తెలియక మన ఆడపడుచులు కొందరు ఈనాటికీ సంబంధం లేని గడపలు తొక్కుతూ విలువైన ఏళ్ళు పోగొట్టుకుంటున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

పూర్వం ఇలాంటి తగాదాల్లో ఖాజీ తీర్పు చెప్పేవారు. బ్రిటిషు ప్రభుత్వం 1864లో ఖాజీల నియామకాన్నే ఎత్తివేసింది. మళ్ళీ 1880లో ఖాజీల చట్టం తెచ్చి ముందుగా మద్రాసు గవర్నరు ఏలుబడిలోని ప్రాంతాలకు వర్తింపజేసింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అందులోవే. అయితే ఆ చట్టం కింద ఖాజీకి నికా జరిపించే గౌరవం మిగిలిందే గాని, తీర్పు చెప్పే అధికారం దక్కలేదు. ఇక మిగిలింది సివిలు కోర్టు. ఆ కోర్టులు హనఫీ న్యాయం ప్రకారం చూసేవి. అందులో భార్యకు దారులు బహు తక్కువ. భర్త ఆచూకీ లేకుండా పోతే అతని ఈడువాళ్ళంతా గతించేదాకా ఆగాల్సిందే. పంజాబులో కొందరు స్త్రీలు గత్యంతరం లేక, నికా రద్దవుతుందని మతమే మార్చుకున్నారు.

దీంతో ఉలమాలు కదిలారు. మాలికీ సంప్రదాయంలో ఉన్న వెసులుబాటును హనఫీ స్త్రీలకూ అందించవచ్చని మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ 1930ల ఆరంభంలో వివరించారు. ఖాజీ ముహమ్మద్ అహ్మద్ కాజ్మీ 1936లో కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టారు. అదే 1939 మార్చి 17న ముస్లిం వివాహాల రద్దు చట్టమైంది. నాలుగేళ్ళు భర్త జాడ లేకపోయినా, రెండేళ్ళు పోషించకపోయినా, ఏడేళ్ళు లేక అంతకు మించి జైలుశిక్ష పడినా, క్రూరంగా చూసినా భార్య దావా వేయవచ్చు. మెహర్ హక్కు ఎక్కడికీ పోదు. ముస్లిం జడ్జీయే విచారించాలన్న షరతు మాత్రం బిల్లులోంచి తీసేశారు.

ఇక్కడొక విశేషం గమనించాలి. హైదరాబాదు అప్పట్లో నిజాం రాజ్యం. ఈ చట్టం అక్కడికి రాలేదు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా తెలంగాణ జిల్లాలకు వెంటనే వర్తించలేదు. 1959లో చేసిన మరో చట్టం ద్వారా 1960 ఫిబ్రవరి 1 నుంచి గాని అమల్లోకి రాలేదు. ఒకే రాష్ట్రం, మధ్యన ఒక్క తుంగభద్ర. కర్నూలు ఆడపడుచుకు ఉన్న చట్టం అలంపురం ఆడపడుచుకు లేదు!

ఇక నేటి సంగతి. 1984 చట్టం కింద కుటుంబ న్యాయస్థానం ఉన్న చోట దావా అక్కడే వేయాలి. లేని చోట సివిలు కోర్టులో. ఏ ఊళ్ళో వేయాలన్నది 1939 చట్టం చెప్పలేదు. కాబట్టి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం భర్త ఉండే ఊళ్ళోనైనా, దావాకు కారణమైన సంగతి కొంతైనా జరిగిన ఊళ్ళోనైనా వేయాలి. హిందూ వివాహ చట్టం, ప్రత్యేక వివాహ చట్టం కింద భార్య తానుంటున్న ఊళ్ళోనే వేసుకునే వీలు 2003లో కల్పించారు. మన చట్టంలో ఆ మాట నేటికీ చేరలేదు. ఇది లోటేనని మా అభిప్రాయం. దూరమైన కోర్టు నుంచి కేసు మార్చమని రాష్ట్రంలోపల హైకోర్టును, వేరే రాష్ట్రమైతే సుప్రీంకోర్టును కోరవచ్చు.

గల్ఫులో, అమెరికాలో ఉన్నవాళ్ళ కుటుంబాలు మరొకటి తెలుసుకోవాలి. తిరుపతిలో 1975లో పెళ్ళయిన ఒక హిందూ దంపతుల కేసులో, అమెరికా కోర్టు భర్తకిచ్చిన విడాకులు చెల్లవని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక్కడి చట్టంలో లేని కారణంతో, భార్య లోబడని కోర్టు ఇచ్చిన డిక్రీకి ఇక్కడ విలువ లేదన్నమాట.

ఖులా మాటేమిటి? ఫత్వాలకు చట్టబలం లేదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఖులా భార్య హక్కేననీ, భర్త ఒప్పుకోలు అవసరం లేదనీ, ముఫ్తీ పత్రం తప్పనిసరి కాదనీ 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు స్పష్టం చేసింది. పెద్దల రాజీ ప్రయత్నం మంచిదే. కాని అది కోర్టు డిక్రీతో సమానం కాదు.

నికానామా, చిరునామాలు, పోషణ అందని కాలానికి రుజువులు భద్రంగా ఉంచుకోండి. 1987 చట్టం కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. హక్కు ఉండటమొక్కటే చాలదు, దాన్ని ఎక్కడ అడగాలో కూడా తెలియాలి. చదివినవాళ్ళు చదవనివాళ్ళకు ఈ సంగతి చెప్పవలసిందిగా మనవి.