పెనం మీది మెరుపు

అర్ధరాత్రి దాటింది. న్యూయార్క్ మురికివాడలో ఓ ఇరుకు ఇంట్లోకి నలుగురైదుగురు కొత్తవాళ్లు చొరబడ్డారు. వాళ్ల చేతుల్లోని పెద్ద పిస్తోలు ఢామ్మని పేలింది. గదంతా లిప్తపాటు తెల్లగా మెరిసి మళ్లీ చీకటైంది. నిద్రలో ఉలిక్కిపడి లేచినవాళ్లు కిటికీల్లోంచి దూకి పరుగు తీశారు. పిస్తోల్లో ఉన్నది మెగ్నీషియం మందు. వచ్చినవాళ్లు ఫొటోలు తీసేవాళ్లు.

వాళ్లని వెంటబెట్టుకొచ్చినాయన జేకబ్ రీస్. డెన్మార్క్ నుంచి వలసొచ్చి, పోలీసు వార్తలు రాస్తూ బతికిన విలేకరి. పేదల చీకటి గదుల గురించి ఎంత రాసినా ఊరు కదలడం లేదన్నది ఆయన బాధ. 1887లో జర్మనీలో అడాల్ఫ్ మీథె, యోహానెస్ గేడికె మెగ్నీషియం పొడిలో పొటాషియం క్లోరేట్, యాంటిమొని సల్ఫైడ్ కలిపి, నిప్పు తగిలితే భగ్గుమనే మందు తయారుచేశారు. ఆ కబురు పేపర్లో చదవగానే రీస్‌కి దారి దొరికింది.

జనం బెదిరిపోతున్నారని తెలిసి ఆయన పిస్తోలు మానేశారు. మందుని పెనంలో పోసి వెలిగించడం మొదలుపెట్టారు. పెనమైతే ఇంటి వస్తువులా ఉంటుందని తర్వాత తనే రాసుకున్నారు. ఆ పెనంతోనూ ప్రమాదాలు తప్పలేదు. ఐదుగురు అంధులున్న అటక గదిలో ఫొటో తీస్తుంటే గోడకి వేలాడుతున్న కాగితాలు, గుడ్డపేలికలు అంటుకున్నాయి. పాపం, ఆ ఐదుగురికీ మంట సంగతే తెలియదు. రీస్ ఒక్కరే నానా తంటాలు పడి ఆర్పారు. బయటికొచ్చి పోలీసుకి చెబితే అతను పగలబడి నవ్వాడట. ఆ ఇంటి గోడలకి పట్టిన మురికి ఎంత మందమంటే, నిప్పంటుకున్నా కాలదట.

1890లో రీస్ పుస్తకం ‘హౌ ది అదర్ హాఫ్ లివ్స్’ వచ్చింది. థియొడర్ రూజ్‌వెల్ట్ లాంటివాళ్లని కదిలించింది. నాకు మాత్రం ఆ కథలో అన్నిటికన్నా విలువైంది పిస్తోలు వదిలి పెనం పట్టుకున్న క్షణమే. వెలుగుకీ మర్యాద నేర్పాలని ఆయనకి అప్పుడు తోచింది. ఇవాళ తక్కువ డబ్బుతో కెమెరాకి ఫ్లాష్ కొనేవాళ్లు చూసుకోవాల్సిందీ అదే. దుకాణంలో అడగాల్సిన ప్రశ్నలన్నీ ఈ చరిత్రలోనే పుట్టాయి.

ఒక ఫొటోకి ఒక బల్బు

1929లో జర్మనీలో, మరుసటి ఏడాది అమెరికాలో ఫ్లాష్ బల్బులు అమ్మకానికొచ్చాయి. గాజు బుడ్డిలో సన్నని అల్యూమినియం రేకు, ఆక్సిజన్. మీట నొక్కితే లోపలే మండుతుంది. పొగ లేదు, బూడిద లేదు. కానీ ఒక ఫొటోకి ఒక బల్బు. చుర్రుమనే బుడ్డిని ఊడదీసి పారేసి కొత్తది బిగించాలి. జేబులో ఎన్ని బల్బులుంటే అన్నే ఫొటోలు.

ఫ్లాష్ బలాన్ని చెప్పే గైడ్ నంబరు వాడుకలోకొచ్చింది ఆ బల్బుల కాలంలోనే. దాన్ని దూరంతో భాగిస్తే లెన్స్‌ని ఎంత తెరవాలో తెలుస్తుంది. నంబరు 36 అనుకుందాం. మనిషి 9 మీటర్ల దూరంలో ఉంటే ఎఫ్/4, 4.5 మీటర్లలో ఉంటే ఎఫ్/8. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగు రెట్లు కావాలి. ఇప్పుడు డబ్బా మీద 58, 60 అని పెద్ద అంకెలు కనిపిస్తాయి. చాలావరకు అవి ఫ్లాష్ తలని 105 లేదా 200 మిల్లీమీటర్లకి జూమ్ చేసి, వెలుగుని సన్నటి ధారగా మార్చి కొలిచినవి. రెండు ఫ్లాష్‌లని పోల్చాలంటే ఒకే జూమ్ దగ్గర, ఐఎస్ఓ 100 దగ్గర పోల్చాలి. ఐఎస్ఓ 400కి పెంచితే గైడ్ నంబరు రెట్టింపవుతుంది. నేటి కెమెరాకి అదేమంత భారం కాదు. కాబట్టి పెద్ద అంకె కోసం అప్పు చేయనక్కర్లేదు.

ఆగిపోయిన పాలచుక్క

1931లో అమెరికాలోని ఎంఐటీలో హరోల్డ్ ఎడ్జర్టన్ అనే ఇంజినీరు కరెంటుతో వెలిగే ఫ్లాష్ మీద పని మొదలుపెట్టారు. కిందపడి కిరీటంలా విచ్చుకునే పాలచుక్కని ఆయన ఫొటోలో ఆపేశారు. 1944 జూన్‌లో నార్మండీ దాడికి ముందు, విమానాల్లోంచి రాత్రిపూట ఫొటోలు తీయడానికి ఆయన రూపొందించిన ఫ్లాషే పనికొచ్చింది.

ఇవాళ మన చేతిలో ఉన్నది దాని వారసురాలే. నాలుగు పెన్సిల్ సెల్లులు వేసి స్విచ్ నొక్కితే సన్నగా కూత వినిపిస్తుంది. ఆ ఆరు వోల్టులు దాదాపు మూడు వందల వోల్టులై కెపాసిటర్‌లో నిండుతున్నాయన్నమాట. ఎర్ర దీపం వెలిగాక మీట నొక్కితే ఆ కరెంటంతా జెనాన్ వాయువు నిండిన గొట్టంలోంచి సెకనులో వెయ్యో వంతు కాలంలో దూసుకుపోతుంది. మళ్లీ మళ్లీ, వేల సార్లు.

పాత ఫ్లాష్ చవకగా దొరికితే జాగ్రత్త పడాల్సిందీ ఇక్కడే. ఫిల్మ్ కాలపు ఫ్లాష్‌లు కొన్ని కెమెరాని తాకే పిన్ను దగ్గరే రెండు వందల వోల్టులు దాటి చూపిస్తాయి. డిజిటల్ కెమెరాల్లో కొన్ని ఆరు వోల్టులకి మించి తట్టుకోలేవు. ఫ్లాష్‌ని చార్జ్ చేసి, అడుగున మధ్య పిన్నుకీ పక్క పట్టీకీ మల్టీమీటర్ పెట్టి చూడకుండా తగిలించకండి. దాన్ని విప్పడం మాత్రం వద్దు. లోపలి కెపాసిటర్ షాక్ ప్రాణం మీదికి తెస్తుంది.

వెలుగుని కొలిచే కన్ను

1960లలో ఫ్లాష్‌కి కన్నొచ్చింది. ఎదుటి మనిషి మీద పడి తిరిగొచ్చిన వెలుగుని కొలిచి, చాలనగానే తనంతట తనే ఆగిపోయేది. 1970లలో వివిటార్ 283 అనే ఫ్లాష్ ఈ సౌకర్యాన్ని మామూలు ఫొటోగ్రాఫర్ చేతికి తెచ్చింది. ఒలింపస్ ఓఎమ్-2 కెమెరా లెన్స్‌లోంచి వచ్చి ఫిల్మ్ మీద పడిన వెలుగునే కొలిచింది. దీన్నే టీటీఎల్ అంటాం. డిజిటల్ సెన్సర్ ఫిల్మ్‌లా వెలుగుని తిరగగొట్టదు. అందుకే ఇప్పటి కెమెరాలు అసలు ఫొటోకి ముందు చిన్న మెరుపు పంపి లెక్క చూసుకుంటాయి. ఫొటోల్లో కొందరు కళ్లు మూసి దొరకడానికి కారణం ఆ ముందు మెరుపే.

చేత్తో సర్దుకునే ఓపికుంటే టీటీఎల్ లేని ఫ్లాష్ చాలు. గోడాక్స్ టీటీ600, యోంగ్నువో వైఎన్560 లాంటివి టీటీఎల్ ఫ్లాష్‌ల కన్నా బాగా చవక. వెలుగుని పూర్తి బలం నుంచి 1/128 దాకా తగ్గించుకోవచ్చు. కదిలే పిల్లల్ని, ఊరేగింపుల్ని తీసేవాళ్లు మాత్రం టీటీఎల్‌కి ఖర్చు పెట్టడమే మేలు.

ఇంకో మాట. ఈ చవక ఫ్లాష్‌లు కెమెరా నెత్తి మీది పట్టీలో మధ్య పిన్నుతోనే పేలతాయి. కెనాన్ 3000డి, 200డి మార్క్ 2 కెమెరాల్లో ఆ మధ్య పిన్నే లేదు. వాటికి కెనాన్ కోసం చేసిన టీటీఎల్ ఫ్లాషే కొనాలి. డబ్బు కట్టేముందు మీ కెమెరా నెత్తి ఒకసారి తడిమి చూసుకోండి.

జీలకర్ర బెల్లం వేళ

మన పెళ్లిళ్లలో చాలా ముహూర్తాలు రాత్రివే. జీలకర్ర బెల్లం పెట్టి తెర తీసే ఆ కాసేపట్లో వధూవరులు ఒకరినొకరు చూసుకునే చూపు మళ్లీ రాదు. సరిగ్గా అప్పుడు ఫ్లాష్ నేరుగా ముఖాల మీద కొడితే నుదుటి చెమట తళతళలాడుతుంది, బొట్టు వెలిసిపోతుంది, వెనక నిలబడ్డ బంధువులంతా చీకట్లో కలిసిపోతారు. అదే ఫ్లాష్ తల ఎత్తి పందిట్లోని తెల్లగుడ్డ మీదికి తిప్పితే వెలుగు పైనుంచి వెన్నెల్లా దిగుతుంది. తలంబ్రాల పళ్లెం పట్టుకున్న అమ్మమ్మ కూడా కనిపిస్తుంది. గుడ్డ ఎర్రదైతే మాత్రం తిప్పకండి, పెళ్లికూతురి ముఖం ఎర్రబారుతుంది.

అందుకే నా మాట ఒక్కటే. బలం కాస్త తక్కువైనా ఫరవాలేదు, తల పైకీ పక్కకీ తిరగని ఫ్లాష్ ఎంత చవకైనా వద్దు. మీ కెమెరా పట్టుకుని దుకాణానికి వెళ్లండి. ఫ్లాష్ బిగించి, తల సీలింగు వైపు తిప్పి, కౌంటరు వెనకున్న మనిషిని అడిగి ఒక ఫొటో తీయండి. ఆ ముఖంలో ఉలికిపాటు లేదనుకుంటే అప్పుడు ధర అడగండి. రీస్ పిస్తోలు వదిలి పెనం పట్టుకున్నది అలాంటి ముఖం కోసమే.